గోధుమరంగు కంపు పురుగు: హేలిస్ అని తేల్చేది రంగు కాదు

అక్టోబర్ వచ్చిందంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్, వర్జీనియాల్లో ఉండే మనవాళ్ల ఇళ్లలో కిటికీ జాలీల మీద, కర్టెన్ మడతల్లో, లైట్ల చుట్టూ డాలు ఆకారంలో ఉన్న గోధుమరంగు పురుగు ఒకటి కనిపించడం మొదలవుతుంది. కదిలిస్తే కంపు, నలిపితే ఇంకా కంపు. "స్టింక్ బగ్" అనేసి వ్యాక్యూమ్‌తో లాగేస్తారు, అంతటితో మర్చిపోతారు. ఇంట్లోంచి వదిలించుకోవడానికి ఆ పేరు చాలు కూడా, ఎందుకంటే అది కుట్టదు, ఇంట్లో గుడ్లు పెట్టదు, చలికాలం గడిపేందుకు చోటు వెతుక్కుంటూ వచ్చిందంతే. కానీ అదే ఆకారంలో ఉన్న పురుగు పెరట్లో టమాటా మీదో బెండ మొక్క మీదో కనిపిస్తే ఆ పేరు ఏమాత్రం చాలదు. కంపు పురుగుల కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 5 వేల జాతులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం మొక్కల రసం పీల్చేవే అయినా, కొన్ని మాత్రం మీ మొక్కలను తినే లద్దె పురుగులను వేటాడి తినే మిత్రపురుగులు. రంగు చూసి మందు కొడితే ఏది చస్తుందో చెప్పలేం.

అందుకే ఒక్క జాతిని తీసుకుని, దాన్ని గుర్తుపట్టడం అంటే నిజంగా ఏం చేయాలో, ఆ పేరు దానికి ఎలా వచ్చిందో మొదటి నుంచి చూద్దాం. ఆ జాతి హాలియోమార్ఫా హేలిస్. ఇంగ్లిష్‌లో బ్రౌన్ మార్మొరేటెడ్ స్టింక్ బగ్ అంటారు. సొంత ఊరు చైనా, జపాన్, కొరియా, తైవాన్. ఇప్పుడు అమెరికాలోనూ యూరప్‌లోనూ పాతుకుపోయింది. 2010లో అమెరికా మధ్య అట్లాంటిక్ రాష్ట్రాల్లో ఒక్క ఆపిల్ తోటలకే సుమారు 3.7 కోట్ల డాలర్ల నష్టం తెచ్చిందని లెక్క వేశారు.

ఈ నష్టం వెనక గుర్తింపులో జరిగిన ఒక ఆలస్యం ఉంది. 1998 సెప్టెంబర్‌లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో దొరికిన పురుగు అమెరికాలో మొదటి నమూనాగా రికార్డయింది. చలి మొదలవగానే ఇళ్లలోకి పురుగులు వస్తున్నాయని అక్కడి జనం చెబుతూనే ఉన్నారు, చూసినవాళ్లు మాత్రం అది ఎప్పుడూ ఉండే అమెరికా కంపు పురుగే అనుకున్నారు. 2001లో నమూనాలు కార్నెల్ యూనివర్సిటీలో రిచర్డ్ హోబెకి అనే కీటక శాస్త్రవేత్త చేతికి వెళ్లాక గానీ, ఇది ఈ ఖండానిదే కాదు, తూర్పు ఆసియాది అని తేలలేదు. శాస్త్ర పత్రికలో ఆ విషయం అచ్చయ్యేసరికి 2003 వచ్చింది. ఈలోపు పురుగు తన పని తాను చేసుకుపోయింది.

ఇందులో మొదట చూసినవాళ్ల అజాగ్రత్త ఏమీ లేదని నా నమ్మకం. పురుగుల్ని గుర్తుపట్టడానికి వాడే సాధనాన్ని "కీ" అంటారు: భుజం మీద పళ్లున్నాయా లేవా, ఉంటే ఇటు వెళ్లండి, లేకపోతే అటు వెళ్లండి, ఇలా ఒక్కో ప్రశ్నకీ జవాబు చెప్పుకుంటూ చివరికి ఒక పేరు దగ్గర ఆగుతాం. ఉత్తర అమెరికా కంపు పురుగుల కీలో ఉత్తర అమెరికా జాతులే ఉంటాయి. తూర్పు ఆసియా పురుగుని తెచ్చి ఆ కీలో పెడితే అది "తెలియదు" అనదు, ఉన్నవాటిలో దగ్గరగా ఉన్న పేరేదో చూపిస్తుంది. అంటే గుర్తుపట్టడం అనేది మన దగ్గరున్న పేర్ల జాబితాలోంచి ఒకదాన్ని ఎంచుకోవడమే, ఆ జాబితాలో సరైన పేరు లేకపోతే ఎంత జాగ్రత్తగా చూసినా జవాబు తప్పే వస్తుంది. పుస్తకంలోని కీ అయినా, ఫోన్‌లోని ఫొటో యాప్ అయినా, డీఎన్ఏ పరీక్ష అయినా ఇదే కథ. దీన్ని మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక వర్గీకరణలో పై మెట్టు నుంచి దిగుదాం. హేలిస్ హెమిప్టెరా క్రమానికి చెందిన కీటకం. ఈ క్రమంలోని బంధువులు రైతులకు బాగా తెలిసినవే: పేనుబంక, తెల్లదోమ, పచ్చదోమ, సుడిదోమ, పిండినల్లి, ఇంట్లో మంచాల్లో ఉండే నల్లి కూడా. వీటన్నిటికీ ఉమ్మడి గుర్తు నోరు. నమలడానికి దవడలుండవు, సూదిలాంటి తొండం ఉంటుంది, దాన్ని గుచ్చి రసం పీలుస్తాయి. ఈ క్రమంలో హెటెరోప్టెరా అనే ఉపక్రమం వాటికి ముందు రెక్కలు సగం తోలులా మందంగా, కొస భాగం పొరలా పల్చగా ఉంటాయి. చాలామంది కంపు పురుగుని పెంకు పురుగు అనుకునేది ఇక్కడే. పెంకు పురుగుకి వీపు మధ్యలో రెండు రెక్కలూ కలిసే చోట నిటారుగా ఒక గీత కనిపిస్తుంది. కంపు పురుగుకి వీపు మధ్యలో త్రికోణం ఆకారంలో పెద్ద పలక ఉంటుంది, దాని వెనక రెక్కల కొసలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఇది కంటికే కనిపిస్తుంది, భూతద్దం అక్కర్లేదు.

కుటుంబం దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఓపిక కావాలి. కంపు కొట్టే ప్రతి పురుగూ కంపు పురుగుల కుటుంబానిది కాదు. దీనికి మన వరి పొలమే సాక్ష్యం. గింజ పాలు పోసుకునేటప్పుడు వచ్చి రసం పీల్చే కంపునల్లి, అదే గంధి పురుగు, పొలం గట్టు మీద నిలబడితేనే వాసన తెలిసిపోతుంది, కానీ అది సన్నగా పొడుగ్గా ఉండే వేరే కుటుంబం పురుగు. దాని మీసంలో నాలుగే కణుపులు. కంపు పురుగుల కుటుంబంలో తల్లి పురుగు (అంటే ఆడదైనా మగదైనా పూర్తిగా ఎదిగిన పురుగు) మీసంలో ఐదు కణుపులుంటాయి. అన్నట్టు వరిలోనే ఉండే కంకినల్లి అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్ల అతి చిన్న జీవి, దానికి వాడే మందే వేరు. ఇంట్లో అందరూ రెండిటినీ నల్లి అనే పిలిచినా పొలంలో రెండిటినీ ఒకటిగా చూస్తే డబ్బు వృథా.

ఐదు కణుపులున్నంత మాత్రాన కూడా పని అయిపోదు. డాలు ఆకారం పురుగుల్లోనే అరడజను దగ్గరి కుటుంబాలున్నాయి. వీపు మీది త్రికోణం పలక త్రికోణంలా ఆగకుండా పొట్ట మొత్తాన్నీ కప్పేస్తూ, పురుగు ఆకుపచ్చగానో నీలంగానో లోహంలా మెరుస్తుంటే అది జ్యుయెల్ బగ్ కుటుంబం. పలక అలాగే కప్పేసి, పురుగు మాత్రం గుండ్రంగా, బఠాణీ గింజలో సగం ఉండి చిక్కుడు తీగ మీద గుంపుగా అంటుకుని ఉంటే అది ఇంకో కుటుంబం. ఈ రెండో రకంలోని మెగాకాప్టా క్రిబ్రేరియా మన ఆసియా పురుగే, 2009లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బయటపడింది, అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి తెల్ల గోడల మీద గుంపులుగా కనిపించే కుడ్జు బగ్ ఇదే. మన దగ్గర గుమ్మడి, సొర పాదుల మీద ఎరుపూ నలుపూ కలిసి కనిపించే కొరిడియస్ జానస్ మరో కుటుంబం. ఇవన్నీ కంపు కొడతాయి. కంపు గ్రంథులు ఈ వంశం మొత్తానికీ ఉన్నాయి కాబట్టి వాసనతో కుటుంబం చెప్పలేం, జాతి అసలే చెప్పలేం.

ఆ వాసన గురించి ఒక్క మాట. హేలిస్ వదిలే ద్రవంలో ట్రాన్స్-2-డెసినాల్, ట్రాన్స్-2-ఆక్టెనాల్ అనే ఆల్డిహైడ్లు ఉంటాయి. ఇందులో మొదటిది కొత్తిమీర ఆకు వాసనలో ముఖ్యమైన భాగం. అమెరికాలో చాలామంది ఈ పురుగు కొత్తిమీర వాసన వేస్తుందనడానికి కారణం ముక్కు భ్రమ కాదు, అచ్చంగా అదే పదార్థం. తల్లి పురుగుల్లో ఈ గ్రంథి తెరుచుకునేది అడుగు వైపు, మధ్య కాళ్లకీ వెనక కాళ్లకీ దగ్గర్లో. పిల్ల పురుగుల్లో వీపు వైపు, పొట్ట మీద. తల్లి పురుగుల్లో గ్రంథి నోటి చుట్టూ ఉండే చిన్న గాడి ఆకారం, దాని పక్కన గరుకుగా ఉండే మేర జాతులను విడదీయడానికి బాగా పనికొస్తాయి, అంటే వాసన పనికిరాకపోయినా వాసన వచ్చే చోటు పనికొస్తుందన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది హేలిసేనా?

పురుగుని చిన్న గాజు సీసాలో వేసి కాసేపు ఫ్రిజ్‌లో పెడితే చల్లబడి కదలకుండా కూర్చుంటుంది, అప్పుడు పది రెట్లు చూపించే భూతద్దంతో తీరిగ్గా చూడొచ్చు. మొదట మీసం చూడండి. హేలిస్ మీసం ముదురు రంగులో ఉండి రెండు చోట్ల తెల్లటి పట్టీ ఉంటుంది. నాలుగో కణుపు కొసన తెలుపు, ఐదో కణుపు మొదట్లో తెలుపు కలిసి ఒక పట్టీలా కనిపిస్తాయి. నాలుగో కణుపు మొదట్లోనూ తెలుపుంటుంది, అది రెండో పట్టీ. తర్వాత పొట్ట అంచు. రెక్కల పక్క నుంచి బయటికి కనిపించే ఆ సన్నటి అంచు మీద నలుపూ లేత రంగూ ఒకదాని తర్వాత ఒకటి గళ్లుగా ఉంటాయి. రెక్క కొసన ఉన్న పల్చటి పొర మీద నరాల వెంబడి ముదురు గీతలు. కాళ్ల మధ్యలో, అంటే మోకాలి కింది పొడవాటి భాగంలో, లేత పట్టీ. భుజాల అంచు నున్నగా ఉంటుంది, పళ్లు గానీ ముల్లు గానీ ఉండవు. తల ముందు భాగం మొద్దుగా, దాదాపు దీర్ఘచతురస్రంలా ఆగిపోతుంది. తల మీదా మెడ పలక మీదా చిన్న చిన్న గుంటల్లో రాగి రంగో నీలమో మెరుపు కనిపిస్తుంది, ఆ మచ్చల వల్లే పైనుంచి చూస్తే పాలరాయి మీది చారల్లా అనిపిస్తుంది. పొడవు 12 నుంచి 17 మిల్లీమీటర్లు.

ఇందులో ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా చాలదు. పొట్ట అంచు గళ్లు చాలా జాతులకుంటాయి. గోధుమరంగు గురించి చెప్పనే అక్కర్లేదు. ఆకుపచ్చ కంపు పురుగు, నెజారా విరిడులా, మన పప్పు పంటల మీదా టమాటా మీదా కూడా ఉండేది, వెచ్చటి కాలంలో నిండు పచ్చగా ఉండి చలికాలపు నిద్రావస్థలోకి వెళ్లేటప్పుడు గోధుమరంగులోకి మారుతుంది. అదే పురుగు, అదే ప్రాణి, రంగు మాత్రం వేరు. మళ్లీ వాతావరణం వెచ్చబడగానే పచ్చగా అవుతుంది. పైగా ఆ జాతిలోనే పూర్తి పచ్చగా ఉండేవీ, తల దగ్గర లేత పసుపు పట్టీ ఉండేవీ రెండు రకాలుంటాయి, అవి రెండు జాతులు కావు. రంగు మీద ఆధారపడి జాతి చెప్పొద్దని ఇంత గట్టిగా అనడం ఇందుకే.

అమెరికాలో హేలిస్ అని పొరబడే వాటిలో మూడింటిని తప్పకుండా తెలుసుకోవాలి. మొదటిది బ్రొకిమీనా, చెట్ల బెరడు మీద బతికేది, బెరడు రంగులోనే గరుకుగా ఉంటుంది. దాని భుజాల అంచున రంపపు పళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. రెండోది యుస్కిస్టస్ సర్వస్, అక్కడి మామూలు గోధుమ కంపు పురుగు, దాని మీసాల మీద తెల్ల పట్టీలుండవు, అడుగు భాగం పసుపు పచ్చగా ఉంటుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, పొడిసస్ మాక్యులివెంట్రిస్. ఇది మిత్రపురుగు, లద్దె పురుగులను పొడిచి తింటుంది. భుజాలు ముల్లులా పొడుచుకొచ్చి ఉంటాయి, రెక్క కొస పొర మీద ఒకే ఒక్క ముదురు గీత ఉంటుంది. ఇక తొండం చూస్తే అనుమానమే ఉండదు. మొక్కల రసం పీల్చేవాటి తొండం సన్నగా తల కింద గాడిలో ఒదిగి పడుకుని ఉంటుంది, వేటాడేవాటిది లావుగా, మొదటి కణుపు గాడిలో ఇరుక్కోకుండా విడిగా ఉండి, ముందుకి చాచి పొడవడానికి వీలుగా ఉంటుంది. పురుగుని వెల్లకిలా తిప్పి తొండం మందం చూడటం ఒక్కటి నేర్చుకుంటే చాలు, పెరట్లో మన పక్షాన ఉన్న పురుగుని మన చేత్తో చంపుకోకుండా ఉంటాం.

యూరప్‌లో పొరబాటు వేరే పురుగుతో జరుగుతుంది. అక్కడ రాఫిగాస్టర్ నెబ్యులోజా అనే దేశీయ జాతి ఉంది, అది కూడా చలికాలంలో ఇళ్లలోకి వస్తుంది, పైనుంచి చూస్తే హేలిస్‌ని దాదాపు అచ్చుగుద్దినట్టుంటుంది. తేడా రెక్క పొర మీద: హేలిస్‌కి గీతలు, దీనికి విడివిడి చుక్కలు. తిప్పి చూస్తే దీని పొట్ట అడుగు నుంచి పొడవాటి ముల్లు ఒకటి కాళ్ల మధ్యగా ముందుకి సాగి ఉంటుంది, హేలిస్‌కి ఆ చోటు ఖాళీ. చూశారుగా, అమెరికాలో భుజం చూడాలి, యూరప్‌లో పొట్ట అడుగు చూడాలి. ఒకే పురుగుని గుర్తుపట్టడానికి ఊరు మారితే చూడాల్సిన చోటు మారుతుంది, ఎందుకంటే పోల్చాల్సిన జాబితా మారింది.

పిల్ల పురుగుల దగ్గర కథ మొత్తం తలకిందులవుతుంది. ఆకు అడుగున సుమారు 28 గుడ్లు, లేత ఆకుపచ్చ నుంచి తెలుపు రంగులో, చిన్న పీపాల్లా పక్కపక్కనే పేర్చినట్టు ఉంటాయి. పొదిగిన పిల్లలు నారింజ, నలుపు రంగుల్లో ఉండి ఖాళీ గుడ్ల చుట్టూనే గుమిగూడి కూర్చుంటాయి, తల్లి గుడ్ల మీద పూసి వెళ్లిన ఒక బ్యాక్టీరియాని లోపలికి తీసుకోవడానికి. అది లేకపోతే అవి సరిగ్గా పెరగవు. ఐదు దశలు దాటి, ప్రతిసారీ కుబుసం విడిచి తల్లి పురుగవుతాయి. రెండో దశ పిల్ల నల్లగా గుండ్రంగా ఉండి పిడుదులా కనిపిస్తుంది, చూసి భయపడేవాళ్లున్నారు. ఇక్కడ మీసం కణుపులు లెక్కపెట్టి కుటుంబం తేల్చుదామంటే కుదరదు, పిల్లలకి ఐదు కాదు నాలుగే కణుపులుంటాయి. రెక్కలుండవు కాబట్టి రెక్క పొర గీతలూ లేవు. పెద్ద పిల్లల్లో కాళ్ల మీదా మీసాల మీదా తెల్ల పట్టీలు, భుజాల అంచున చిన్న ముళ్ల వరస ఉంటాయి, ఆ ముళ్లు తల్లి పురుగయ్యేసరికి మాయమవుతాయి. అంటే తల్లి పురుగులో "భుజం నున్నగా ఉండాలి" అన్న గుర్తుని పిల్ల మీద వాడితే హేలిస్‌నే హేలిస్ కాదంటాం.

ఇక పేరు సంగతి. దీన్ని ఇప్పుడు హాలియోమార్ఫా హేలిస్ (స్టోల్, 1855) అని రాస్తారు. ఆ బ్రాకెట్ అలంకారం కాదు. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ స్టోల్ 1855లో దీన్ని వర్ణించినప్పుడు పెంటటోమా అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట దానిదే) పెట్టాడు, తర్వాత ప్రజాతి మారింది. ప్రజాతి మారితే మొదట పేరు పెట్టినవాడి పేరు బ్రాకెట్‌లోకి వెళ్తుంది. ఆ చిన్న గుర్తుతో ఈ పురుగు చరిత్రలో చోటు మారిందని తెలిసిపోతుంది.

చోటు మారింది ఒక్కసారి కాదు. స్టోల్ తర్వాత 1860లో ఉలర్ అనే అమెరికన్ ఇదే పురుగుని మిస్టస్ అనే కొత్త జాతిగా వర్ణించాడు, అది కూడా వేరే ప్రజాతిలో. 1867లో వాకర్ ఇదే పురుగుని ఇంకో ప్రజాతిలో ఒకసారి బ్రెవిస్ అనీ, మరోసారి రిమోటా అనీ రెండు పేర్లతో రాశాడు. ఒక్కొక్కరి చేతిలో ఉన్నది ఎక్కడో దూరం నుంచి వచ్చిన ఒకటో రెండో ఎండిన నమూనాలు, ఆడదానికీ మగదానికీ, ముదురు దానికీ లేత దానికీ ఎంత తేడా ఉండొచ్చో తెలిసే వీలు లేదు, కాబట్టి కాస్త వేరుగా కనిపించినది కొత్త జాతి అయిపోయేది. దీని ఫలితం వందేళ్లకు పైగా సాగింది. జపాన్‌లో రాసినవాళ్లు దీన్ని మిస్టా (ఉలర్ పెట్టిన మిస్టస్ పేరే) అన్నారు, చైనాలో చాలామంది పైకస్ అన్నారు.

ఈ పైకస్ దగ్గరే ముడి ఉంది. హాలియోమార్ఫా పైకస్ అనే జాతికి ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త 1794లోనే పేరు పెట్టాడు, అది మన దేశంలో ఉండే పురుగు. జంతువుల పేర్లలో నియమం ఏమిటంటే ఒకే జాతికి రెండు పేర్లుంటే పాతది నిలుస్తుంది. చైనా పురుగూ మన పురుగూ ఒకటే జాతి అయితే 1794 నాటి పైకస్ నిలవాలి, హేలిస్ కొట్టుకుపోవాలి. రెండూ వేరు జాతులైతే చైనా పురుగుకున్న పేర్లలో పాతదైన 1855 నాటి హేలిస్ నిలవాలి, మిస్టా, బ్రెవిస్, రిమోటా దాని కింద మారుపేర్లుగా మిగలాలి. 1978లో బల్గేరియాకి చెందిన యోసిఫోవ్, రష్యాకి చెందిన కెర్జ్నర్ కొరియా పురుగుల మీద పనిచేస్తూ దీన్ని తేల్చారు: తూర్పు చైనా, కొరియా, జపాన్‌లలో ఉన్నది ఒకే జాతి, అది పైకస్ కాదు, హేలిస్. ఇలాంటి దగ్గరి బంధువుల్ని విడదీసేటప్పుడు పై రంగుల కన్నా నమ్మకమైన సాక్ష్యం మగ పురుగు పొట్ట చివరనున్న గిన్నెలాంటి ఖండం, దాని లోపలి చిన్న కొక్కేల ఆకారం. అది చూడాలంటే చచ్చిన నమూనా, మైక్రోస్కోప్, సన్నటి సూదులు కావాలి, ఫొటోలో కనపడదు.

పేరు గురించి ఇంత తగువెందుకు అనిపించొచ్చు. 2001లో హోబెకి ఈ పురుగు గురించి ఏం తెలుసో వెతకాలంటే ఆసియాలో దాని మీద జరిగిన పనంతా మిస్టా, పైకస్, హేలిస్ అనే మూడు పేర్ల కింద చెల్లాచెదురుగా ఉంది. 1978 నాటి ఆ పని లేకపోతే ఆ మూడూ ఒకే పురుగు గురించి రాసినవని ఎలా తెలుస్తుంది? ఏ పంటలు తింటుంది, ఏడాదికి ఎన్ని తరాలు, దాని గుడ్లను ఏది తింటుంది, ఇదంతా సరైన పేరు అనే దారం పట్టుకునే దొరికింది.

గుడ్లను తినే దాని కథ ఇంకా బాగుంటుంది. ఆసియాలో హేలిస్ గుడ్లలో తన గుడ్డు పెట్టి వాటిని నాశనం చేసే అతి చిన్న కందిరీగ ఒకటుంది, ట్రిసోల్కస్ జపానికస్, సమురాయ్ కందిరీగ అంటారు. దాన్నీ చైనాలో ట్రిసోల్కస్ హాలియోమార్ఫే అనే వేరే పేరుతో రాస్తూ వచ్చారు, రెండూ ఒకటేనని 2013లో తేల్చారు. అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని క్వారంటైన్ ల్యాబ్‌లో పెట్టి, బయటికి వదిలితే అక్కడి మిత్రపురుగైన పొడిసస్ గుడ్లను కూడా నాశనం చేస్తుందేమో అని పరీక్షిస్తుండగానే, 2014లో మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో అది బయట, దానంతట అదే వచ్చి తిరుగుతూ దొరికింది. అమెరికాలోని దేశీయ కందిరీగలు హేలిస్ గుడ్లలో గుడ్డు పెట్టినా వాటి పిల్లలు ఎక్కువగా బతకవు, సమురాయ్ పిల్లలు బతుకుతాయి. మనిషి కంటికి అన్నీ ఒకేలా కనిపించే మిల్లీమీటర్ సైజు నల్ల చుక్కలే, కానీ ఏది ఏ జాతో తెలియకపోతే తోటలో నిజంగా పనిచేస్తున్నదేదో తెలియదు.

డీఎన్ఏ వచ్చాక ఈ గొడవంతా తీరిపోయిందనుకుంటారు. సగం నిజం. సీఓఐ అనే జన్యువులో ఒక చిన్న ముక్కని చదివి జాతి పోల్చే బార్‌కోడ్ పద్ధతి హేలిస్ విషయంలో చక్కగా పనిచేస్తుంది, ముఖ్యంగా గుడ్లూ చిన్న పిల్లలూ దొరికినప్పుడు వేరే దారి లేదు. అమెరికాకి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా డీఎన్ఏతోనే వెతికారు, బీజింగ్ ప్రాంతం నుంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువని 2014లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. కానీ బార్‌కోడ్ కూడా పోలికే. మీ పురుగు డీఎన్ఏ అక్షరాల వరసని డేటాబేస్‌లోని వరసలతో పోల్చి దగ్గరగా ఉన్నదాని పేరు చెబుతుంది. ఆ డేటాబేస్‌లో నమూనాకి పేరు పెట్టింది మళ్లీ మీసం, భుజం, పొట్ట చివరి ఖండం చూసిన మనిషే. ఆ మనిషి పొరబడి ఉంటే యంత్రం ఆ తప్పునే నమ్మకంగా చెబుతుంది. మన దేశపు జాతుల వరసలు డేటాబేస్‌లో లేకపోతే ఆలెన్‌టౌన్‌లో జరిగినదే ఇక్కడ వెనక్కి తిరిగి జరుగుతుంది.

ఫోన్ యాప్‌లతో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. హేలిస్ ఫొటోలు అమెరికా, యూరప్‌ల నుంచి కుప్పలుగా ఉన్నాయి కాబట్టి, వరంగల్‌లోనో రాజమండ్రిలోనో గోధుమరంగు కంపు పురుగు ఫొటో తీసి పెడితే హేలిస్ అనే జవాబు రావడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని నమ్మే ముందు ఇక్కడి జాబితా చూడాలి. మొదట చూడాల్సింది ఇక్కడిదైన పైకస్‌నే, అదే ప్రజాతి కాబట్టి పైకి చూస్తే చాలా దగ్గర. తర్వాత ఎర్తెసినా ఫుల్లో: ఇది హేలిస్ కన్నా పెద్దది, ముదురు ఒంటి మీద పసుపు చుక్కలు చల్లినట్టుంటాయి, తల పొడవుగా సన్నగా ముందుకి సాగి దాని మధ్యగా పసుపు గీత మెడ పలక మీదికి దిగుతుంది, చెట్ల మొదళ్ల మీద తరచుగా కనిపిస్తుంది. మూడోది ఇయోకాంథెకోనా ఫర్సెల్లాటా, మన పొడిసస్ అనుకోవచ్చు. ఆముదం, వేరుశనగ, పొగాకు పంటల్లో పొగాకు లద్దె పురుగుని తొండంతో పొడిచి పీల్చి చంపే మిత్రపురుగు ఇదే, భుజాలు ముల్లులా ఉంటాయి, తొండం లావు. గోధుమరంగు చూసి ఇది పంటకి చేటు అని మందు కొట్టే రైతుకి రెండు వైపులా నష్టం, మందు ఖర్చూ పోతుంది, లద్దె పురుగుని ఉచితంగా చంపే పురుగూ పోతుంది. వ్యవసాయ శాఖల కరపత్రాల్లో శత్రుపురుగుల బొమ్మలు వేసినంత పెద్దగా ఈ పురుగు అడుగు భాగం బొమ్మ, తొండంతో సహా, వేయాలని నా గట్టి అభిప్రాయం.

ఎక్కడున్నా సరే, గుర్తింపు కోసం ఎవరికైనా ఫొటో పంపేటప్పుడు వీపు ఫొటో ఒక్కటి పంపి ఊరుకోవద్దు. వీపు మొత్తం కనిపించేలా ఒకటి, మీసం కణుపులు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఒకటి, భుజం అంచు ఒకటి, వెల్లకిలా తిప్పి తొండమూ కాళ్ల మధ్య భాగమూ కనిపించేలా ఒకటి, పక్కన స్కేల్ పెట్టి ఒకటి. ఏ ఊరు, ఏ నెల, ఏ మొక్క మీద అన్నది తప్పకుండా రాయండి, జాబితాలో సగం పేర్లు దానితోనే ఎగిరిపోతాయి. పురుగుని కూడా పారేయకుండా చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి అందులో వేసి, పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే పెట్టండి. పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, పెన్సిల్ రాత ఉంటుంది.